అదే లీటరు, అదనపు గాలి

నిస్సాన్ మాగ్నైట్ అనే చిన్న కారు 2020 డిసెంబరులో మన మార్కెట్లోకి వచ్చినప్పుడు రెండు పెట్రోలు ఇంజిన్లతో వచ్చింది. రెండింటికీ మూడేసి సిలిండర్లు. రెండూ 999 సీసీయే. లోపలి తయారీ వేరైనా మొత్తం కొలత మాత్రం ఒకటే. అయినా బ్రోషరులో ఒకదాని ఎదురుగా 72 పీఎస్ శక్తి, 96 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, అని ఉంటే రెండోదాని ఎదురుగా 100 పీఎస్, 160 న్యూటన్ మీటర్లు అని ఉంది. ఆ రెండోదాని పేరులో ఉన్న అదనపు మాట టర్బో.

లైసెన్సు కొత్తగా చేతికొచ్చి, దాచుకున్న జీతం డబ్బుతోనో ఇంట్లోవాళ్ల సాయంతోనో మొదటి కారు కొనబోయే వాళ్లకు షోరూంలో ఎదురయ్యే పెద్ద ప్రశ్న ఇదే. అమ్మే అబ్బాయి "టర్బో తీసుకోండి సార్, పికప్ అదిరిపోద్ది" అంటాడు. వెంట వచ్చిన బాబాయి "కొత్త చెయ్యి, టర్బో ఎందుకురా, మామూలుది తీసుకో" అంటాడు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఎవరి నిజం ఏ రోడ్డు మీద పనిచేస్తుందో తేల్చుకోవాలంటే ముందు ఇంజిను పీల్చే గాలి లెక్క చూడాలి.

కారు పెట్రోలుతో నడుస్తుందని అంటాం గానీ ఇంజినుకు పెట్రోలు కొరత ఎప్పుడూ లేదు. ఇంజెక్టరు ఎంత కావాలంటే అంత చిమ్మగలదు. చాలనిది గాలి. గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి ఉండాలి. సిలిండర్లోకి అంత గాలి రాకపోతే ఎంత పెట్రోలు పోసినా అది మసిగానూ పొగగానూ బయటకు పోతుంది.

లీటరు ఇంజినులో, క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి మూడు సిలిండర్లూ ఒక్కొక్కసారి గాలి పీలుస్తాయి. అంటే రెండు చుట్లకు లీటరు గాలి. నిమిషానికి 3,500 చుట్ల దగ్గర అది 1,750 లీటర్లు. నేలమట్టంలో లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు కాబట్టి, నిమిషానికి 2,100 గ్రాముల గాలి. దాన్ని 14.7తో భాగిస్తే 143 గ్రాముల పెట్రోలు. కిలో పెట్రోలులో దాదాపు 44 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే ఇంజినులో మండుతున్న శక్తి 105 కిలోవాట్లు. అందులో మూడో వంతే క్రాంక్‌షాఫ్టును తిప్పుతుంది. అంటే 35 కిలోవాట్లు.

ఇప్పుడు బ్రోషరు వైపు చూద్దాం. టర్బో లేని మాగ్నైట్ తన 96 న్యూటన్ మీటర్లనూ ఇచ్చేది సరిగ్గా 3,500 చుట్ల దగ్గరే. దాన్ని శక్తిలోకి మారిస్తే 35 కిలోవాట్లే వస్తుంది. పీఎస్‌లలో 48. సిలిండరు నూటికి నూరుపాళ్లు నిండుతుందని నేను పట్టుకున్న ఊహ కొంచెం ఉదారమైనదే. అయినా గాలి బరువు నుంచి మొదలుపెట్టిన లెక్క కంపెనీ ప్రకటించిన అంకె దగ్గరికి వచ్చి చేరడం చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. ఇంజిను బలానికి పరిమితి పెట్టేది అది పీల్చగలిగిన గాలే.

ఆ పరిమితిని దాటడానికి మూడు దారులున్నాయి. సిలిండరు పెద్దది చెయ్యడం, ఇంజినును ఇంకా వేగంగా తిప్పడం, అదే సిలిండర్లోకి గాలిని నొక్కి పంపడం. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చేసేది మూడో పనే. కొలిమి అదే, బొగ్గు అదే, గాలి గట్టిగా ఊదితే ఇనుము ఎర్రబడుతుంది. అయితే తిత్తిని ఆడించడానికి ఒక మనిషి కావాలి. టర్బోలో ఆ పనికి పొగగొట్టంలోంచి వృథాగా పోయే వాయువును వాడుకుంటారు.

పెట్రోలులోని శక్తిలో ఇంకో మూడో వంతు వేడి పొగ రూపంలో వెళ్లిపోతుంది. గట్టిగా తొక్కినప్పుడు ఆ పొగ 900 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దాని దారిలో అరచేతిలో ఇమిడే చిన్న టర్బైను చక్రం పెడతారు. ఆ చక్రం ఇరుసుకు రెండో చివర మరో చక్రం, కంప్రెసరు. పొగ మొదటిదాన్ని తిప్పితే రెండోది బయటి గాలిని లాక్కుని ఇంజినులోకి నొక్కుతుంది. చిన్న పెట్రోలు కార్లలో ఈ ఇరుసు పూర్తి వేగంలో నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. సెకనుకు రెండున్నర వేల చుట్లకు పైమాటే. ఆ వేగాన్ని తట్టుకోవడానికి ఇరుసును పల్చటి నూనె పొర మీద తేల్చి ఉంచుతారు. ఈ నూనె పొర సంగతి గుర్తుపెట్టుకోండి, డబ్బు ఖర్చయ్యే చోటు అదే.

టర్బో ఉన్న మాగ్నైట్ అదే 3,500 చుట్ల దగ్గర 160 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. 58 కిలోవాట్లు దాటుతుంది, అంటే 80 పీఎస్. 160ని 96తో భాగిస్తే 1.67. ఒక్క లీటరు సిలిండర్లలోకి లీటరు ముప్పావుకు కాస్త తక్కువ గాలిని దట్టించారన్నమాట.

ఈ ఆలోచన పాతదే. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూకీ అనే ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు దరఖాస్తు చేశాడు. అప్పటి లోహాలు ఆ వేడికి నిలబడలేకపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల వల్ల దాని అవసరం తెలిసొచ్చింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజిను నీరసిస్తుంది. 1918లో అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ అనే విమాన ఇంజినును లారీ మీద కట్టించి కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి, 14,000 అడుగుల ఎత్తుకు, చేర్చాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిను అక్కడ 230కి పడిపోయింది. టర్బో బిగించగానే 356 ఇచ్చింది. కొండ మీద పోయిన గాలినంతా టర్బో తిరిగి తెచ్చిపెట్టింది. ఇంజనీరింగ్ చరిత్రలో ఇంత సూటిగా, ఇంత అందంగా తేల్చి చెప్పిన ప్రయోగాలు నాకు ఎక్కువ తెలియవు.

ఆ తరువాత ఓడల డీజిలు ఇంజిన్లకూ, లారీలకూ టర్బో త్వరగానే అలవాటైంది. మన రోడ్ల మీదా అంతే. లారీ వెనకాల, జీపు పక్కన 'టర్బో' అన్న అక్షరాలు తెలుగు ఊళ్లలో ఏళ్లుగా చూస్తున్నవే. స్విఫ్ట్ డీజిలులోని 1,248 సీసీ ఇంజిను 190 న్యూటన్ మీటర్లు ఇచ్చేదంటే దానికి కారణం టర్బోయే. పెట్రోలు కార్లలోకి మాత్రం అది చాలా ఆలస్యంగా వచ్చింది. ఎందుకు?

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవాళ్లందరికీ తెలిసిందే. 35 డిగ్రీల ఎండలో గాలిని 1.7 రెట్ల ఒత్తిడికి నొక్కితే, కంప్రెసరులో జరిగే నష్టాలు కూడా కలుపుకుని, అది 105 డిగ్రీల దాకా పోతుంది. అంత వేడి గాలి సిలిండర్లోకి వెళ్లి అక్కడ మళ్లీ నొక్కుడుపడితే, స్పార్కు ప్లగ్గు వెలిగించిన మంట అంచులదాకా చేరకముందే ఓ మూల పెట్రోలు ఆవిరి తనంతట తాను పేలుతుంది. లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం వస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. పిస్టన్లను పగలగొట్టగల జబ్బు అది. డీజిలు ఇంజినుకు ఈ బాధ లేదు. అందులో నొక్కేది ఒట్టి గాలినే, ఇంధనం చివర్లో వచ్చి చేరుతుంది.

1962లో అమెరికాలో షెవ్రొలే కోర్వేర్, ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ అనే రెండు కార్లు టర్బోతో అమ్మకానికి వచ్చాయి. జెట్‌ఫైర్‌లో నాకింగ్ రాకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజినులోకి చిమ్మేవారు. కారు యజమాని పెట్రోలుతోబాటు ఆ ద్రవం డబ్బా కూడా నింపుకుంటూ ఉండాలి. చాలామంది నింపలేదు. ఆ కారు ఎక్కువకాలం బతకలేదు. 1978 నాటి సాబ్ 99 టర్బోతో వ్యవహారం దారిన పడింది. ఒత్తిడి హద్దు దాటగానే కొంత పొగను టర్బైను పక్కనుంచి బయటకు వదిలేసే తలుపు, వేస్ట్‌గేటు, అందులో బాగా కుదిరింది. ఆ పైన నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్లు, నాకింగ్ శబ్దాన్ని పసిగట్టే సెన్సార్లు, ఒక్కో మంటకూ పెట్రోలు కొలిచి పోసే కంప్యూటరు వచ్చి చేరాయి. ఇవాళ ఏడెనిమిది లక్షల కారు బానెట్ కింద ఉన్నది ఆ అరవై ఏళ్ల పోరాటం.

మన దేశంలో ఈ చిన్న టర్బోలు ఇలా గుంపుగా రావడానికి భౌతికశాస్త్రం కన్నా పన్నుల శాస్త్రమే దగ్గరి కారణం. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలైతే 1,200 సీసీకి మించని ఇంజిను, ఇవి రెండూ ఉంటే చిన్న కారు. ఈ నిర్వచనం 2006 బడ్జెట్‌లో వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి కారుకు జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40 శాతం. మరోపక్క 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో చిన్న డీజిలు ఇంజిన్లను శుభ్రం చెయ్యడం ఖరీదైపోయి, చాలా కంపెనీలు వాటిని మానేశాయి. పెద్ద పెట్రోలు ఇంజిను పెడితే పన్ను, డీజిలు పెడితే ఖర్చు. మిగిలిన దారి, లీటరు ఇంజినులోకి గాలి నొక్కడం. చట్టం సీసీలను కొలుస్తుంది, గాలి బరువును కొలవదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా అంతే. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకు ఏడాదికి రూ. 2,094, ఆ పైన 1,500 సీసీ దాకా రూ. 3,416. కాబట్టి 100 పీఎస్ ఇచ్చే 999 సీసీ టర్బో, 90 పీఎస్ ఇచ్చే 1,197 సీసీ మామూలు ఇంజిను కన్నా తక్కువ ప్రీమియం కడుతుంది.

ఇక కుర్రవాళ్ల కాలు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మొత్తం అధ్యాయానికి ఇదే గుండెకాయ.

టర్బో లేని ఇంజినులో యాక్సిలరేటరు నొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది, గాలి వస్తుంది, బండి లాగుతుంది. ఎంత నొక్కితే అంత. చుట్లు పెరిగేకొద్దీ బలం మెల్లగా, ఊహించినట్టే పెరుగుతుంది. టర్బో ఇంజినులో మధ్యన ఇంకో మెలిక ఉంది. కాలు తీసి మెల్లగా పోతున్నప్పుడు పొగ తక్కువ, టర్బైను నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు ఒక్కసారిగా నొక్కారనుకోండి. ముందు పొగ పెరగాలి, అది చక్రాన్ని తిప్పాలి, చక్రం గాలిని నొక్కాలి, ఆ గాలితో ఎక్కువ పెట్రోలు మండాలి, దాంతో ఇంకా ఎక్కువ పొగ రావాలి. ఈ వలయం తనను తాను పెంచుకుంటూ పోతుంది. అందుకే మొదటి క్షణంలో ఏమీ జరగనట్టుంటుంది, ఆ తరువాత బండి ఒక్క ఊపున ముందుకు దూకుతుంది. ఈ ఆలస్యాన్ని టర్బో ల్యాగ్ అంటారు. గేరునూ చుట్లనూ బట్టి అది అర సెకను ఉండొచ్చు, ఒక సెకను దాటొచ్చు. నిమిషానికి పదిహేను వందల చుట్ల లోపు చాలా టర్బోలు దాదాపు నిద్రలోనే ఉంటాయి. మాన్యువల్ గేర్ల మాగ్నైట్ టర్బోలో పూర్తి లాగుడు 2,800 చుట్ల దగ్గర గానీ రాదు. హ్యుందాయ్ వెన్యూలోని 998 సీసీ టర్బోలో 1,500 దగ్గరే 172 న్యూటన్ మీటర్లూ అందుతాయి. కాబట్టి టర్బోలన్నీ ఒకటి కావు. బ్రోషరులో న్యూటన్ మీటర్ల పక్కన చిన్న అక్షరాల్లో వేసే చుట్ల అంకె, పెద్ద అక్షరాల్లో వేసే పీఎస్ కన్నా విలువైనది.

కొత్త డ్రైవరు కాలికి ఈ అర సెకనులో ఏమవుతుంది? నొక్కుతాడు, బండి కదలదు. ఇంకా నొక్కుతాడు. అప్పటికి మొదటి నొక్కుడుకు రావలసిన బలమూ రెండోదానికి రావలసినదీ కలిసి వస్తాయి. వాన పడుతున్నప్పుడు యూ-టర్న్ మధ్యలోనో, ఎదర ఆటో ఆగి ఉన్నప్పుడో ఇది జరిగితే ప్రమాదం. ఏళ్ల తరబడి నడిపినవాళ్లు ఆ ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకుంటారు. నేర్చుకుంటున్న కాలికి ఇంకా ఆ లెక్క రాదు. ఎంత నొక్కితే ఎంత బలం అనేది ఒంటికి పట్టాలంటే, నొక్కిన మేరకే జవాబిచ్చే బండి మీద కొంతకాలం నడపడం మంచిది. బాబాయి మాటలోని నిజం ఇది. ఆయన చెప్పే కారణం మాత్రం, టర్బో అంటే విపరీతమైన వేగం అన్నది, సగమే నిజం.

వేగం విషయంలో ఆస్ట్రేలియా అనుభవం చూడదగ్గది. అక్కడ కొత్త డ్రైవర్లు కారుకు పీ అనే అక్షరం ఉన్న పలక తగిలించుకోవాలి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2005 నుంచి ఆ పలకవాళ్లు వీ8 కార్లనూ, టర్బో, సూపర్‌చార్జర్ ఉన్న పెట్రోలు కార్లనూ నడపకూడదన్నారు. త్వరలోనే చిక్కొచ్చింది. ఇంటి అవసరాలకు వాడుకునే చిన్న టర్బో కార్లు మార్కెట్లోకి వచ్చాయి. మరోవైపు టర్బో లేకుండానే భయంకరమైన బలం ఉన్న పెద్ద ఆరు సిలిండర్ల కార్లు కొన్ని నిషేధం కిందకు రాలేదు. చివరకు 2014 ఆగస్టు 1 నుంచి టర్బో అన్న మాట వదిలేసి, టన్ను బరువుకు 130 కిలోవాట్లు దాటకూడదు అన్న కొలతకు మారారు. సిడ్నీలో చదువుకుంటూ పాత కారు కొనుక్కోబోయే తెలుగు పిల్లలు చూసుకోవలసిన అంకె ఇదే. ఇటలీ ఇంకా కఠినం. అక్కడ 2024 డిసెంబరు నుంచి లైసెన్సు పొందినవాళ్లకు మొదటి మూడేళ్లు టన్నుకు 75 కిలోవాట్లు, మొత్తం మీద 105 కిలోవాట్లు మించకూడదు. మన మాగ్నైట్ టర్బోకు ఇదే లెక్క వేస్తే టన్నుకు 70 కిలోవాట్ల చుట్టుపక్కల తేలుతుంది. ఇటలీలో కూడా ఒప్పుకునే కారే. మన దగ్గర కొత్త లైసెన్సుకు అలాంటి హద్దేమీ లేదు. పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు చేతికొచ్చిన రోజే ఎంత బలమైన కారైనా నడపొచ్చు. ఆ హద్దును మనమే పెట్టుకోవాలి.

ఘాట్ రోడ్డెక్కాలంటే టర్బో ఉండి తీరాలన్న మాట కూడా తరచూ వింటాం. తిరుమల కొండకు లెక్కేసి చూద్దాం. తిరుపతి నుంచి పైకి దాదాపు 700 మీటర్ల ఎత్తు. ఐదుగురు ఎక్కిన చిన్న కారు బరువు 1,400 కిలోలనుకుందాం. ఆ బరువును అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి తొమ్మిదిన్నర మెగాజౌళ్లు. అరగంటలో ఎక్కితే సగటున ఐదుంపావు కిలోవాట్లు. టైర్ల రాపిడికి ఇంకో రెండు కలపండి. మొత్తం ఏడు కిలోవాట్లు, అంటే పది పీఎస్‌ల లోపు. 72 పీఎస్ ఇంజినుకు ఇదేం లెక్క? మరి కొండ మీద బండి ఎందుకు ఈడుస్తుంది? హెయిర్‌పిన్ మలుపు దగ్గర వేగం పదిహేను కిలోమీటర్లకు పడిపోతుంది. డ్రైవరు గేరు మార్చడు. ఇంజిను వెయ్యి చుట్లకు వచ్చి వణుకుతుంది. ఆ చుట్ల దగ్గర మామూలు ఇంజినుకు బలం లేదు. విశేషమేమిటంటే అక్కడ టర్బోకూ లేదు, దాని చక్రం అప్పుడు నిద్రపోతోంది. మలుపుకు ముందే ఫస్టు గేరుకో సెకండు గేరుకో దిగినవాడు రెండింటితోనూ హాయిగా ఎక్కుతాడు. మలుపు దాటి రోడ్డు తిన్నగా అయ్యాక టర్బో సులువుగా అందుకుంటుంది, అది నిజమే. అదే లద్దాఖ్ యాత్ర అయితే కథ వేరు. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో గాలి ఒత్తిడి మన కోస్తా ఊళ్లతో పోలిస్తే మూడో వంతు తక్కువ. మామూలు ఇంజిను బలం కూడా ఆ మేరకు పడిపోతుంది. మాస్ చేసిన ప్రయోగం అక్కడ ప్రతి పూటా కళ్ల ముందు జరుగుతుంది. అరకు, శ్రీశైలం వెళ్లేవాళ్లకు మాత్రం ఆ తేడా పెద్దగా తెలియదు.

టర్బో నిజంగా అక్కరకొచ్చేది డివైడరు లేని రెండు వరుసల రోడ్డు మీద. లారీ వెనక 60లో పోతూ, దాన్ని దాటడానికి 100కు చేరాలి. మనుషులతో కలిపి 1,150 కిలోల కారుకు ఆ వేగం పెంచడానికి 284 కిలోజౌళ్లు కావాలి. గాలి నిరోధం పక్కన పెట్టి, ఇంజిను సగటున 3,500 చుట్ల దగ్గరి శక్తి ఇస్తుందనుకుంటే మామూలు ఇంజినుకు ఎనిమిది సెకన్లు, టర్బోకు ఐదు సెకన్ల లోపు. మొదటి కారు అంతలో దాదాపు 180 మీటర్లు పోతుంది, రెండోది 110. ఎదురుగా వచ్చే బండి దారిలో మూడు సెకన్లు తక్కువ ఉండటం చిన్న విషయం కాదు. ఇది అమ్మే అబ్బాయి మాటలోని నిజం.

కానీ లెక్క అక్కడితో ఆగదు. మామూలు ఇంజిను తన పూర్తి 72 పీఎస్ ఇచ్చేది 6,250 చుట్ల దగ్గర. ఓవర్‌టేక్‌కు ముందే గేరు తగ్గించి, శబ్దానికి జంకకుండా ఇంజినును పైకి తిప్పితే అదే పని ఐదున్నర సెకన్ల దగ్గరికి వస్తుంది. తేడా దాదాపు చెరిగిపోతుంది. టర్బో డబ్బుకు అమ్మే సౌలభ్యంలో చాలా భాగం, గేరు తగ్గించడం తెలిసిన చేతికి ఉచితంగానే దొరుకుతుంది. మొదటి ఏడాది మామూలు ఇంజినుతో నడిపినవాళ్లు ఈ విద్య నేర్చుకోక తప్పదు. టర్బోతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది నేర్చుకోరు, బండే లాగేస్తుంది గనక. కొత్త డ్రైవరుకు టర్బో లేని కారు మంచిదని నేను గట్టిగా అనుకోవడానికి అసలు కారణం ఇదే. భయం కొద్దీ చెప్పే సలహా కాదిది.

భయపడవలసినది వేరే ఉంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం వాటిలో 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోవి. మృతుల్లో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. వేగం 80 నుంచి 100కు పెరిగితే కారు మోస్తున్న గతిశక్తి 56 శాతం పెరుగుతుంది. పొడి రోడ్డు మీద, తేరుకోవడానికి ఒక సెకను వేసుకుని, 80లో ఆగడానికి 58 మీటర్లు పడితే 100లో 84 మీటర్లు పడుతుంది. ఈ లెక్కలో టర్బో ఎక్కడా లేదు. మామూలు ఇంజిను కారు కూడా అవుటర్ రింగ్ రోడ్డు మీద 120 దాటుతుంది. తేడా ఏమిటంటే, టర్బో అక్కడికి అలుపు లేకుండా, చప్పుడు లేకుండా చేరుస్తుంది. 100లో ఉన్నామని ఒంటికి తెలియదు. మామూలు లీటరు ఇంజిను ఆ వేగంలో గోల పెట్టి మరీ చెబుతుంది.

మైలేజీ గురించి కొంచెమే చెబుతాను. మాన్యువల్ గేర్ల మారుతి ఫ్రాంక్స్‌కు ప్రకటించిన అంకెలు, లీటరు పెట్రోలుకు కిలోమీటర్లలో, 1.2 లీటరు మామూలు ఇంజినుకు 21.79, లీటరు టర్బోకు 21.5. సమానమే అన్నట్టుంటాయి. ఆ పరీక్ష నింపాదిగా సాగుతుంది, టర్బోకు అందులో పెద్దగా పని పడదు. పని చెప్పినప్పుడల్లా గాలితో పాటు పెట్రోలూ లెక్క ప్రకారం పోవలసిందే. పైగా పొగ మరీ వేడెక్కకుండా, నాకింగ్ రాకుండా కంప్యూటరు ఇంకాస్త పెట్రోలు కలుపుతుంది. సరదాగా తొక్కే కాలికి టర్బో మైలేజీ మామూలుదాని కన్నా బాగా కిందకు పడుతుంది, నెమ్మది కాలికి పడదు.

నూనె సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. టర్బో ఇరుసు తేలేది ఇంజిను ఆయిల్ మీద అన్నాం కదా. హైవే మీద గంటసేపు గట్టిగా నడిపి వచ్చి, దాబా ముందు టక్కున ఇంజిను ఆపేస్తే పంపు ఆగిపోతుంది, ఎర్రగా కాగిన టర్బైను పక్కన ఇరుక్కున్న నూనె అక్కడే మాడి బొగ్గుపొరలా పేరుకుంటుంది. ఇప్పటి టర్బోల చుట్టూ నీళ్లు తిరిగే ఏర్పాటు ఉంటోంది కాబట్టి పాతకాలమంత ముప్పు లేదు. అయినా ఘాటెక్కాకో హైవే దిగాకో చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వచ్చి, ఓ నిమిషం ఆన్‌లో ఉంచి ఆపడం మంచి అలవాటు. పొద్దున స్టార్టు చెయ్యగానే తొక్కకూడదు, చల్లటి నూనె ఆ సన్నని సందుల్లోకి చేరడానికి కాస్త సమయం కావాలి. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు సింథటిక్ ఆయిలే పొయ్యాలి, గడువు దాటించకూడదు. వీధి చివర మెకానిక్ 'ఏదైనా ఒకటే' అంటే వినకండి. సెకండ్ హ్యాండు టర్బో కారు కొనేటప్పుడు మెరిసే రంగు కన్నా సర్వీసు రికార్డు చూడాలి. నూనె మార్పులు సరిగా లేని టర్బో ఎంత చవగ్గా వచ్చినా వదిలేయడమే నయం.

ఇంకో జబ్బు కొత్తవాళ్లకే ఎక్కువ. గేరు తగ్గించడానికి బద్ధకించి, నాలుగో గేరులో 30 మీద పోతూ యాక్సిలరేటరు అడుగుదాకా తొక్కడం. మామూలు ఇంజిను మూలిగి ఊరుకుంటుంది. చిన్న టర్బోలో తక్కువ చుట్ల దగ్గర అంత ఒత్తిడి పెరిగితే, స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకునే అవకాశం ఉంది. సాధారణ నాకింగ్ కన్నా ఇది చాలా తీవ్రమైనది, ఒక్కసారికే పిస్టన్ పగలొచ్చు. దీన్ని తగ్గించడానికే 2018 నుంచి ఇంజిను ఆయిల్ ప్రమాణాలను మార్చారు. మందు నూనెలో ఉన్నా, పథ్యం కాలిదే.

కాబట్టి నా సలహా ఇది. లైసెన్సు వచ్చి ఏడాది కాలేదు, తిరిగేది ఎక్కువగా హైదరాబాదు, విజయవాడ, విశాఖ ట్రాఫిక్‌లోనే, ఇంటికో ఆఫీసుకో రోజూ ఇరవై కిలోమీటర్ల లోపే అయితే టర్బో లేని ఇంజిను తీసుకోండి. ఆ ట్రాఫిక్‌లో టర్బో చక్రానికి మేలుకునే సందే దొరకదు. నెలకు రెండు మూడుసార్లు నలుగురితో, సామానుతో రెండు వరుసల రోడ్డు మీద సొంతూరు వెళ్లేవాళ్లు, గేర్ల మీద చెయ్యి తిరిగినవాళ్లు, తక్కువ చుట్లలోనే లాగుడు అందే టర్బో తీసుకోవచ్చు, విచారించరు. ఆటోమేటిక్ కావాలనుకుంటే టర్బో ల్యాగ్ బాధ కొంత తగ్గుతుంది, గేరుబాక్సే చుట్లను పైకి తీసుకుపోతుంది. రెండింటికీ మధ్య ధర తేడా చాలా మోడళ్లలో లక్ష రూపాయల అటూఇటూ ఉంటుంది. ఆ లక్షతో టర్బో కొనడమా, పై వేరియంటు కొనడమా అన్న మీమాంస వస్తే, ముందు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉందో లేదో చూడండి. తడి రోడ్డు మీద కారు పక్కకు జారబోతే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి, ఇంజిను బలం తగ్గించి దారిలో పెట్టే ఏర్పాటు అది. ఆ ఏర్పాటు లేని టర్బో కన్నా అది ఉన్న మామూలు ఇంజిను మేలు.

టెస్ట్ డ్రైవ్ రెండింటినీ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి చెయ్యండి. ఏసీ వేసి, రోజూ ఎక్కే మనుషులను ఎక్కించుకుని. షోరూం వాళ్లు ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఊపు చూపించి దింపేస్తారు, ఒప్పుకోవద్దు. స్పీడు బ్రేకరు దాటి సెకండు గేరులో కాలు పెట్టినప్పుడు బండి ఎప్పుడు అందుకుంటోందో చూడండి. మూడో గేరులో 30 దగ్గర సగం నొక్కి, లాగుడు మొదలయ్యేదాకా మనసులో లెక్కపెట్టండి. క్లచ్ మీద అర కిలోమీటరు ట్రాఫిక్‌లో పాకించండి. ఆ తరువాత మామూలు ఇంజిను కారులో గేరు తగ్గించి, ఐదు వేల చుట్ల దాకా ఒకసారి తిప్పి చూడండి. పక్కనున్న సేల్స్‌మన్ కంగారుపడొచ్చు. ఇంజినుకేమీ కాదు, అది అందుకే తయారైంది.